కారుకు నేను పెట్టిన మీసాలు

కారు ఆగక చెడిపోయినవాళ్ళు లోకంలో కోకొల్లలు. వాళ్ళ గురించి పేపర్లో రాస్తారు, చదివినవాళ్ళు అయ్యో పాపం అంటారు. కారు ఆగి చెడిపోయిన కుటుంబం మాత్రం నాకు తెలిసి మాదొక్కటే. దాన్ని అలా ఆగేట్టు చేసినవాణ్ని నేనే కాబట్టి మాకు అయ్యో పాపం అనేవాళ్ళు కూడా దొరకలేదు. ఒక సర్వనాశనం గురించి చెప్పబోతున్నాను. నవ్వు వస్తే మొహమాటపడకండి, నేను కూడా సగందాకా నవ్వుతూనే చెబుతాను. మిగతా సగానికి హామీ ఇవ్వలేను.

తొంభైల మధ్యలో మాట. మా నాయన పేరు తిమ్మప్ప. హిందూపురం టాక్సీ స్టాండులో ఆయనకు సొంత అంబాసిడర్ ఉండేది. పెళ్ళిళ్ళకూ, ఆసుపత్రులకూ, కదిరి నరసింహస్వామి మొక్కులకూ తిమ్మప్పన్న బండే కావాలని అడిగి మరీ తీసుకుపోయేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు తోలాడు. హారను ఎక్కువగా కొట్టేవాడు కాదు. అరవడం కుక్క పని, ఆగడం డ్రైవరు పని అనేవాడు. నేను ఆయనకు ఒక్కగానొక్క కొడుకును. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. చదువు అయిపోయింది కానీ రెండు సబ్జెక్టులు నన్ను విడిచి ఉండలేక ఇంకా నాతోనే ఉన్నాయి. ఉద్యోగం లేదు. అయినా స్టాండులో వాళ్ళు నన్ను ఇంజినీరప్పా అని పిలిచేవాళ్ళు. అది ఎగతాళి అని నాకు తట్టడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఆ ఏడాది ఆశ్వయుజంలో పెనుకొండ దగ్గర ఒక దూడ నాయన బండికి అడ్డం వచ్చింది. అంతకుముందు ఎన్ని దూడలు వచ్చి ఉంటాయో లెక్కలేదు, వచ్చిన ప్రతిసారీ బండి ఆగింది. ఆ రోజు ఆగలేదు. నాయన దిగి, దూడను ఎత్తి వెనకసీట్లో పడుకోబెట్టి, దాని యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. దూడ బతకలేదు. ఇంటికొచ్చి బకెట్టు నీళ్ళు తెచ్చుకుని సీటు కడిగాడు. సీటు శుభ్రమైపోయాక కూడా కడుగుతూనే ఉన్నాడు. అన్నం వద్దన్నాడు. అమ్మ మళ్ళీ మళ్ళీ అడిగితే ఒక్క మాట చెప్పాడు.

"కాలు లేచేలోపల దూడ ముందరికొచ్చేసిండాది."

అప్పుడు చూశాను ఆయన కుడి మోకాలు. తాటిముంజెలా ఉబ్బి ఉంది. బండి దిగేటప్పుడు రెండు చేతులతో తొడ పట్టుకుని కాలును బయట పెట్టుకునేవాడు. ఆ పని చేసేముందు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసేవాడు. తిమ్మప్ప కాలు పోయిందని స్టాండులో ఒక్కడికి తెలిస్తే చాలు, మర్నాటి నుంచి ఆయన బండి ఎక్కే మనిషి ఉండడు. సంపాదన మాట అటుంచండి. బండి తోలకపోతే నాయన పొద్దున లేచి ఏం చేస్తాడో మాలో ఎవరి ఊహకూ అందేది కాదు. ఆయనకు పేకాట రాదు, పొలం లేదు, పక్కింటివాళ్ళ సంగతులు పట్టవు. బాడుగ లేని ఆదివారం కూడా ఇంటి ముందు నిలిపిన బండిలోనే కూర్చుని పేపరు చదివేవాడు. ఆయన దగ్గర నుంచి స్టీరింగు తీసేయడమంటే మనిషిని తీసేయడమే. అది నాకు బాగా తెలుసు కాబట్టే భయం పట్టుకుంది.

ఇలాంటప్పుడు బుద్ధి ఉన్న కొడుకు తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు. ఆ పని మా అమ్మ చేసింది. నూనె మర్దన, కట్టు, మాత్రలు అన్నీ ఆమే చూసుకుంది. నేను డిప్లొమావాణ్ని కదా, మోకాలికి వైద్యం చేయడం నా స్థాయికి తగదు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు అని పెద్దలు అంటారు. నేను మోకాలికీ బంపరుకూ ముడిపెట్టాను.

నా సిద్ధాంతం ఇది. కాలు ఆలస్యమైతే బండి దానంతటదే ఆగాలి. ఈ జ్ఞానం మా వంటింటి పిల్లి దగ్గర పొందాను. చీకట్లో కూడా అది గోడకు గుద్దుకోదు, ముందు మీసాలు తగులుతాయి, ఆగిపోతుంది. నేను కూడా బంపరుకు ముందు రెండు మూరల పొడవున రెండు వెదురు బద్దలు కట్టాను. వాటి కొసలకు అడ్డంగా ఒక సన్నటి ఇనుపకడ్డీ, కడ్డీకి మెత్తగా సైకిల్ ట్యూబు. ఆ కడ్డీకి ఏది తగిలినా వెదుళ్ళు వెనక్కి జరుగుతాయి. అవి జరిగితే ఒక తీగ లాగుతుంది, తీగ లాగితే ఒక కొక్కెం ఊడుతుంది. కొక్కెం ఊడిందా, బ్రేకు పెడలు కింద బిగించి ఉంచిన పెద్ద స్ప్రింగు పెడలును నేలదాకా లాగేస్తుంది. తోలేవాడి కాలితో పని లేదు. కాగితం మీద అద్భుతంగా ఉంది. నా జీవితంలో కాగితం మీద అద్భుతంగా లేని విషయం ఒక్కటీ లేదు.

ఇనుప పని అంతా పెనుకొండ రోడ్డులో వెల్డింగు షాపు పెట్టుకున్న దేవదానం అన్న చేశాడు. ఆదివారం చర్చిలో అందరికంటే బాగా పాడే మనిషి, మిగతా ఆరు రోజులు ఆ గొంతు నన్ను తిట్టడానికి వాడేవాడు. పని ముగించి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, చుట్టూ తిరిగి చూశాడు.

"పట్టేది బాగుండాది. విడిచేది యాడ?"

"విడిచేదేందన్నా?"

"బ్రేకు పడిందనుకో. మళ్లా లేచేదెట్ల?"

నేను దాని గురించి ఆలోచించలేదు. ఆ మాట ఒప్పుకుంటే డిప్లొమా పరువు పోతుందని, అది రెండో దశ అని చెప్పాను. ఆ రెండో దశ చివరికి ఒక గడ్డపారగా తేలింది. బ్రేకు పడిన ప్రతిసారీ నేను దిగి, బానెట్ ఎత్తి, గడ్డపారతో స్ప్రింగును మళ్ళీ తన్నిపట్టి కొక్కెం తగిలించాలి. ఎంత చేయి తిరిగినవాడికైనా పది నిమిషాలు పడుతుంది. కాబట్టి ఆ రోజు నుంచి నాయన ఎక్కడికి పోతే నేను అక్కడికి. ఇంటర్వ్యూలకు పోవడానికి తీరిక లేదని అందరికీ చెప్పుకునే అవకాశం కూడా దొరికింది.

నాయన మొదట ఒప్పుకోలేదు. మీసాల ముందు గొంతుక్కూర్చుని, జేబులో బీడీ వెతుక్కుంటూ అడిగాడు.

"నలభైలో పోతాంటే రెండు మూరల్లో బండి నిలుస్తాదా అబ్బా?"

"నిలవకపోయినా దెబ్బ తగ్గుతాది నాయనా."

ఆ మూడు నెలల్లో నేను పలికిన నిజం అదొక్కటే. ఆయన బీడీ వెలిగించి సరేనని తలూపాడు. దూడ గుర్తొచ్చి ఉంటుంది.

పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక ఖాళీ బుట్టలు పేర్చి పరీక్ష పెట్టాం. నాయన బండిని మెల్లగా బుట్టల మీదికి తోలాడు. మీసం తగిలింది, లోపల టపీమని చప్పుడైంది, బండి మోకాళ్ళమీద పడ్డట్టు ముందుకు ఒరిగి ఆగింది. ఒక్క బుట్ట కూడా కదలలేదు. దూడ పోయాక మొదటిసారి నాయన ముఖంలో నవ్వు చూశాను. ఆ నవ్వు కోసం నేను ఇంకో నాలుగు బండ్లకైనా మీసాలు కట్టేవాణ్ని. మొదటిసారే పని చేసింది చూడండి, అదీ నా కర్మ. ఆ రోజు అది చెడిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

తరువాత అది ఆగనిచోటు లేదు. మేక తోక తగిలితే ఆగింది. రోడ్డు పక్క తుమ్మకొమ్మ గీసుకుంటే ఆగింది. స్పీడు బ్రేకరు దిగేటప్పుడు మూతి వంగి మీసం నేలకు తగిలి ఆగింది. ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాడి సన్నాయి తగిలి, వాళ్ళ ముందే ఆగిపోయి, నేను గడ్డపారతో కుస్తీ పడుతూ ఉంటే పెళ్ళికొడుకు గుర్రం మీద కూర్చుని ఓపిగ్గా చూశాడు. స్టాండులో మంగలి నాగన్న పనీపాటా లేనప్పుడు గొడుగు కొసతో మీసాన్ని పొడిచి, టపీమన్న చప్పుడు విని వెళ్ళిపోయేవాడు. బాడుగకు ఎక్కినవాళ్ళు అడుగడుగునా ఎందుకు దిగుతున్నావని నన్ను అడిగితే, రోడ్డు భద్రత అని చెప్పేవాణ్ని. ఒక పెద్దావిడ మాత్రం దండం పెట్టి, దారిలో ఉన్న దేవుళ్ళందరికీ నేను మొక్కులు చెల్లిస్తున్నాననుకుంది.

అయితే ఒక్కసారి అది నిజంగా పని చేసింది. నిజం దాచకూడదు కాబట్టి చెబుతున్నాను. సంత రోజు రద్దీలో ఒక ముసలాయన ఎవరితోనో బేరమాడుతూ వెనక్కి నడిచి సరిగ్గా మా బండి ముందుకు వచ్చేశాడు. నాయన కాలు లేవలేదు. మీసం ఆయన పిక్కకు తగిలింది, బండి ఆగింది. ముసలాయన వెనక్కి తిరిగి, మర్యాద లేని బండి అని తిట్టి వెళ్ళిపోయాడు. నాయన చాలాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుని, తరువాత దిగి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. అంతకుముందు ఆయన బండిని నిమరడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ క్షణాన నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీలు ఎలా నిలిచాయో నాకే ఆశ్చర్యం.

ఈమధ్య పేపర్లో చదివాను. పై దేశాల్లో కొన్ని కార్లకు రాడారు పెట్టారట, ముందు ఏదైనా అడ్డం వస్తే బండి దానంతటదే బ్రేకు వేసుకుంటుందట. నా వెదురుబద్దలకూ దానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం. దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి, ఆ ముసలాయన పిక్క సాక్షి. నాకున్న సందేహాలు రెండే. ఏమీ లేనిచోట ఉన్నట్టుండి ఆగితే వెనక వచ్చేవాడికి ఎవరు చెబుతారు అన్నది ఒకటి. తోలేవాడి కాలు సంగతేమిటన్నది రెండోది. ఈ రెండూ నేను చదివి తెలుసుకున్నవి కావు.

పుష్యమాసం వచ్చేసరికి నాయన మోకాలు వాపు తగ్గింది. అమ్మ కట్టిన కట్లు పని చేశాయి. ఆయన మేడమెట్లు కూడా చేయి పట్టకుండా ఎక్కాడు. ఆ సాయంత్రం అమ్మ బియ్యం ఏరుతూ నాతో అంది.

"కాలు బాగైంది గదబ్బోడా. ఇంగా ఆ మీసాలేమిటికి?"

ఇప్పుడు చెప్పబోయేదే అసలు తప్పు. అంతవరకు చేసింది తెలివితక్కువతనం, దాన్ని దేవుడు క్షమిస్తాడు. మా పాత లెక్చరరు ఒకాయన మీసాల సంగతి విని, ఫాల్గుణంలో కాలేజీ ఎగ్జిబిషనులో పెడదాం, బండి తీసుకురా అన్నాడు. నా రెండు సబ్జెక్టుల కాలేజీలో, నేను నిలబడి, పదిమందికి వివరిస్తూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుని రోజూ తృప్తిగా నిద్రపోతున్నాను. అందుకని, ఇంకో రెండు నెలలు ఉండనీ అమ్మా, ఉంటే నష్టమేముంది అన్నాను. అమ్మ బియ్యంలో రాయి తీసి పారేసింది.

మాఘంలో ఒక పొద్దున బాడుగ కుదిరింది. మడకశిర వైపు నుంచి వచ్చిన నంజుండప్ప అనే రైతు, ఆయన భార్య, ఆయన అక్క. కూతురి పెళ్ళికి ధర్మవరంలో పట్టుచీరలు తీసుకోవాలి, రాహుకాలం రాకముందే ముహూర్తపు చీర చేతిలో పడాలి. నంజుండప్ప ముందుసీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. మధ్యలో నేను, నా ఒళ్ళో గడ్డపార. పెళ్ళిచీరలకు పోతూ గడ్డపార ఎందుకని ఆయన కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడిగాడు. నేను రెండు భాషల్లోనూ నవ్వి ఊరుకున్నాను.

పెనుకొండ దాకా మూడుసార్లే ఆగాం. మంచి శకునం అనుకున్నాను. చెన్నేకొత్తపల్లి దాటి ధర్మవరం దారి పట్టాక, ఎదురుగా రోడ్డు మీద ఉలవకట్టె పరిచి ఉంది.

మా సీమలో ఇది తెలియనివాళ్ళుండరు. ఉలవలు కోసి, ఎండబెట్టి, కట్టెను తారురోడ్డు మీద అడ్డంగా పరుస్తారు. పోయే బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. పైసా ఖర్చు లేని నూర్పిడి. డ్రైవర్లు కూడా వేగం కాస్త తగ్గించి, మెల్లగా తొక్కించి, చెయ్యి ఊపి పోతారు. నాయన కూడా ఎప్పటిలాగే చెయ్యి ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. ఉలవకుప్ప మోకాలెత్తు ఉందనీ, నా మీసాలు కూడా సరిగ్గా అదే ఎత్తులో ఉన్నాయనీ ఆ బండిలో ఒక్కడికి తట్టి ఉండాలి. ఆ ఒక్కడు ఎగ్జిబిషనులో ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచిస్తున్నాడు.

టపీమంది. నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి. కింద రాలిన ఉలవలు గోలీల్లా దొర్లాయి. బిగుసుకున్న చక్రాలతో గోలీల మీద బండి ఏం చేస్తుందో నా డిప్లొమాలో ఉంది, నాతో మిగిలిపోయిన రెండు సబ్జెక్టుల్లో ఒకదాంట్లో. బండి నిదానంగా, పెద్దమనిషి తరహాలో, పూర్తిగా వెనక్కి తిరిగి, వచ్చిన దారికి మొహం పెట్టి నిలబడింది. మా వెనకాలే వస్తున్న బస్సు ఇప్పుడు మాకు ఎదురుగా ఉంది. అది జానెడు దూరంలో ఆగింది. ఆ బస్సు డ్రైవరుకు మీసాలు లేవు, కాలు ఉంది.

 వెనకసీట్లో నుంచి నంజుండప్ప అక్క నెమ్మదిగా అడిగింది, చీరలు తీసుకోకుండానే తిరిగి పోతున్నామా అని.

ఉలవల యజమానురాలు చేలోంచి కొడవలితో వచ్చింది.

"ఏమప్పా, తొక్కమని పరిస్తే నిలబడ్తివే. ఇదేమన్నా దేవుని ఊరేగింపా?"

నాయన బస్సులోంచి తొంగిచూస్తున్న ముఖాల వైపు చూశాడు, వెనకసీట్లో వణుకుతున్న ఆడవాళ్ళిద్దర్నీ చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"తీసేయబ్బా. ఈడనే తీసేయ్."

తీసేశాను. తీగ కత్తిరించాను, స్ప్రింగు ఊడదీశాను. దేవదానం అన్న మూడు రోజులు కష్టపడి అతికించినదాన్ని అరగంటలో విప్పి రోడ్డు పక్కన పడేశాను. ఆ వెదుళ్ళు నీకు కావాలా అని ఉలవలామె అడిగితే ఇచ్చేశాను. చిక్కుడుపాదుకు పనికొస్తాయంది. నా పరిశోధన ఫలితాన్ని మొట్టమొదట అనుభవించింది ఒక చిక్కుడుపాదు. పీడ వదిలిందనుకున్నాను. పట్టేది తీసేస్తే అంతా ముందున్నట్టు అయిపోతుందని, నిజంగా, మనస్ఫూర్తిగా నమ్మాను.

ధర్మవరం దాకా నాయన చక్కగా తోలాడు. గేర్లు మార్చాడు, మలుపుల్లో తగ్గించాడు, ఊరి మొదట్లో పశువుల మంద కనిపిస్తే దూరం నుంచే నెమ్మది చేశాడు. రాహుకాలానికి ఇంకా వ్యవధి ఉంది. నంజుండప్ప కాస్త తేరుకుని, దుడ్లు ఎంతైనా పరవాలేదు, చీర బాగుండాలి అంటున్నాడు. పెద్దరోడ్డు రద్దీగా ఉందని నాయన ఒక నేతగాళ్ళ వీధిలోకి తిప్పాడు.

మలుపు తిరగ్గానే వీధికి నిలువునా పడుగు సాగదీసి ఉంది. ధర్మవరంలో పొద్దుటిపూట అది మామూలే. మగ్గానికి ఎక్కించేముందు పట్టుదారాలను వీధి పొడవునా కొయ్యల మధ్య బిగించి, ఇంటిల్లిపాదీ నిలబడి తెగిన పోగులు అతుకుతారు. ఎర్రటి పడుగు. ముగ్గురు మనుషులు దాని మీద వంగి ఉన్నారు. మాకూ దానికీ మధ్య ఇరవై అడుగుల దూరం ఉంది. బండి మెల్లగానే పోతోంది. ఏ కొత్త డ్రైవరైనా ఆపగలిగిన దూరం.

నేను నాయన కాలు చూశాను. అది యాక్సిలరేటరు మీద నుంచి లేచింది. లేచి, ఎక్కడా దిగలేదు. బ్రేకుకు బెత్తెడు ఎత్తున గాలిలో ఆగి ఉంది. నొప్పి లేదు, వాపు లేదు, శుభ్రంగా బాగుపడిన కాలు. నాయన చూపు ముందుకే ఉంది. ముఖంలో కంగారు లేదు. ఆయన బండి ఆగడం కోసం ఎదురుచూస్తున్నాడు.

"నాయనా, బ్రేకు."

నా మాట చెవిన పడి కాలు దిగేసరికి కొయ్యలు విరిగిపోయాయి. మనుషులు పక్కకు దూకారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పడుగు మాత్రం బంపరుకు చుట్టుకుని, చక్రానికి చుట్టుకుని, కారు కింద ఎర్రగా ముద్దగా పడి ఉంది.

పడుగు యజమాని ఆంజనేయులు అనే నడివయసు మనిషి. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చక్రం దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుని, దయచేసి బండి కదపొద్దండప్పా అన్నాడు, అంతే. ఒక్కో పోగూ విప్పడం మొదలుపెట్టాడు. నాయన కూడా దిగి ఆయన పక్కన కూర్చున్నాడు. కొంతసేపటికి నంజుండప్ప భార్య దిగింది, ఆయన అక్క దిగింది. పెళ్ళిచీర కొనడానికి వచ్చినవాళ్ళు ఇంకా చీర కాని దాని ముందు కూర్చుని చిక్కులు తీశారు. రాహుకాలం వచ్చింది, పోయింది, ఎవరూ చూసుకోలేదు. మూడు చీరల పడుగులో ఒక చీరకు సరిపడా నిలిచింది. ఆ ఒక్క చీరా తమకే నేసిమ్మని నంజుండప్ప భార్య అడిగింది. అక్క కూడా సరేనంది. తరువాత ముగ్గురూ బస్సెక్కి పోయారు, మా బండి వైపు చూడకుండా. నాయన తన వేలి ఉంగరం తీసి ఆంజనేయులు చేతిలో పెట్టాడు. ఆయన వద్దన్నాడు, నాయన ఆ చేతిని మూసి పట్టుకుని వదల్లేదు.

వీధి ఖాళీ అయ్యాక నాయన ఆ ఇంటి అరుగు మీద కూర్చుని తాళం చెవి నా వైపు చాపాడు.

"నువ్వు తోలు."

"నాకు సరిగా రాదు గదా నాయనా."

"నీకు రాదని నీ కాలికి తెలుసు. నా కాలికి తెలీదు."

 ఆయన తన కుడిపాదం వైపు, అది ఎవరో పరాయివాళ్ళదైనట్టు చూసుకున్నాడు.

"బండి నిలబడ్తాదిలే అనుకొంటి అబ్బా."

హిందూపురం దాకా నేనే తోలాను. ఎడ్లబండ్లు మమ్మల్ని దాటుకుని పోయాయి. ఆ రోజు తరువాత నాయన స్టీరింగు ముట్టుకోలేదు. దూడ చేయలేని పని, వాచిన మోకాలు చేయలేని పని, కన్నకొడుకు చేశాడు. ఎగ్జిబిషనుకు నేను పోలేదు. డిప్లొమాలో ఆ రెండు సబ్జెక్టులూ అలాగే మిగిలిపోయాయి, బండికి డ్రైవరును నేనే అయ్యాను.  ఆయన కాలిని ఇంకెవరూ చెడగొట్టలేదు, దానికి పని లేకుండా చేసి నేను చెడగొట్టాను. ఈ మాట ఆయనతో ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను.

స్టాండులో అందరూ ఊహించినట్టు ఆయన ఇంట్లో కూర్చోలేదు. రోజూ నాతోపాటు వచ్చి ఎడమపక్క సీట్లో కూర్చునేవాడు. మొదటి వారంలోనే గమనించాను. దూరంగా ఒక కుక్క రోడ్డు దాటబోతుంటే, నేను దాన్ని చూడకముందే, ఎడమపక్కన టపీమని చప్పుడైంది. చూస్తే నాయన కుడికాలు ఉత్త నేలను బలంగా తొక్కిపట్టి ఉంది. గొర్రెలమంద వస్తే తొక్కాడు. లారీ పక్కసందులోంచి బయటికి తిరగబోతే తొక్కాడు. ప్రతిసారీ నా కాలు కంటే ముందే. స్టీరింగు ముందు గాలిలో నిలిచిపోయిన కాలు, బ్రేకు లేని చోట ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

"ఆడ బ్రేకు లేదు నాయనా" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"నాకు తెలుసులే. నువ్వు ముందర చూసి తోలు."

నేను ముందర చూసి తోలాను. ఏడేళ్ళు అలాగే తిరిగాం, ఆయన చెప్పులు అరిగి కాలికింద రబ్బరుమ్యాటు బొక్కపడి అడుగు ఇనుము కనిపించేదాకా. ఆ ఏడేళ్ళలో మా బండి దేన్నీ గుద్దలేదు. నేను మంచి డ్రైవరునని స్టాండులో పేరు కూడా వచ్చింది. ఆయన నేలను తొక్కిన చప్పుడు విని నేను బ్రేకు వేసేవాణ్నని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎడమపక్క సీటు ఖాళీగా ఉంటుంది, నేను అందరికంటే మెల్లగా తోలుతాను.

ఆ ఏడేళ్ళ మధ్యలో దేవదానం అన్న ఒకసారి ఆ మ్యాటు చూసి, డ్రైవింగు స్కూళ్ళ బండ్లకు ఉన్నట్టు ఆ పక్క కూడా నిజమైన పెడలు ఒకటి అతికిద్దామా, అరపూట పని అన్నాడు. నా బుర్రలో అప్పుడే బొమ్మ గీసుకోవడం మొదలైంది. తీగ ఎక్కడ, కొక్కెం ఎక్కడ, అంతా కాగితం మీద అద్భుతంగా ఉంది. అందుకే వద్దన్నాను. కాబట్టి పాఠకమహాశయులారా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరాల మధ్య తిరిగే సకల వాహనాల సాక్షిగా, ఉలవకట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే బండికీ బ్రేకు కనిపెట్టను. పిల్లి ఎంత తెలివిగా నడిచినా అటువైపు చూడను. ఎవరి కాలు చేయాల్సిన పనిని వాళ్ళ కాలికే వదిలేస్తాను, అది ఉత్త నేలను తొక్కుతూ ఉన్నా సరే.